రంగుల పటంలో వాడ ఎక్కడ?
నూజివీడు మామిడి సీమ నుంచి మాస్టర్ ప్లాన్ మీద ఒక విమర్శ

మాస్టర్ ప్లాన్‌ని మనం ఇంజనీర్ల కాగితంగానే చూస్తున్నాం. రోడ్డు ఎన్ని అడుగులుండాలి, మురుగుకాలువ ఎటు పోవాలి, ఎక్కడ ఎన్ని అంతస్తులు లేపొచ్చు అనేవన్నీ సాంకేతిక విషయాలనీ, కులానికీ వీటికీ సంబంధం లేదనీ చదువుకున్న మనవాళ్ళు కూడా నమ్ముతున్నారు. భూమి కోసం కొట్లాడాం, రిజర్వేషన్ల కోసం కొట్లాడాం, దాడుల మీద కొట్లాడాం. కానీ ఎవరు ఎక్కడ బతకాలో, ఎవరి పిల్లలు ఎంత దూరం నడిచి బడికి పోవాలో, ఎవరి శవం ఏ దారిన పోవాలో ఇరవై ముప్ఫై ఏళ్ళ ముందే గీత గీసిపెట్టే ఈ పటం మీద మన విమర్శ చాలా తక్కువ. మాస్టర్ ప్లాన్ కూడా ఒక శాస్త్ర గ్రంథమే. ధర్మశాస్త్రాలను ఏ కళ్ళతో చదివామో దీన్నీ ఆ కళ్ళతోనే చదవాలన్నది ఈ వ్యాసం వాదన.

అసలు మన ఊళ్ళకు ప్లాను లేదని ఎవరన్నారు? నడుమ గుడి, గుడి చుట్టూ ఒక కులం, ఆ తర్వాత భూములున్న కులాలు, ఆ వెనక చేతిపనుల కులాలు, పొలిమేర దగ్గర మాలపల్లి, దానికి ఇంకాస్త అవతల మాదిగగూడెం. ఊరి గాలి వాడ మీదికి రావచ్చు, వాడ గాలి ఊరి మీదికి పోకూడదు. ఊరి చెరువుకు గట్టు ఉంది, ఆ గట్టుకు కాపలా ఉంది. ఇంత పకడ్బందీ జోనింగ్ చేసిన టౌన్ ప్లానర్ ప్రపంచంలో ఎక్కడున్నాడు? కాబట్టి కొత్త ప్లాను ఖాళీ కాగితం మీద మొదలవుతుందని అనుకోవడమే మొదటి తప్పు. అది పాత ప్లాను మీదే గీస్తుంది. పాత గీతను చెరుపుతుందా, దాని మీదే సిరా దిద్దుతుందా అన్నదే మనం అడగాల్సింది.

రంగులు ఏం చెప్తాయి, ఏం దాస్తాయి

చట్టాల సంగతి క్లుప్తంగా చూద్దాం. 1920లో మద్రాసు రాష్ట్రంలో పట్టణ ప్రణాళికా చట్టం వచ్చింది. ఆంధ్రలో అదే చట్టం పేరు మారి కొనసాగింది. 1975లో పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టం, దాని కింద 1978లో విజయవాడ, గుంటూరు, తెనాలి, మంగళగిరి కలిపి ఒక పట్టణాభివృద్ధి సంస్థ వచ్చాయి. 2014లో దాని స్థానంలో రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ పుట్టింది. సంస్థల పేర్లు మారాయి గానీ పటం గీసే పద్ధతి పెద్దగా మారలేదు. నివాసానికి పసుపు, వ్యాపారానికి నీలం, పరిశ్రమలకు ఊదా, ప్రభుత్వ సంస్థలకు ఎరుపు, పార్కులకూ తోటలకూ ఆకుపచ్చ.

ఈ రంగుల్లో ఒక పెద్ద మోసం ఉంది. రాజుగారి కోట వీధీ పసుపే, పాకీపని చేసే కుటుంబాల పేటా పసుపే. నీళ్ళ పంపు ఉన్న చోటూ లేని చోటూ ఒకటే రంగు. వెలి అనేది నేల మీద ఉంది, పటం మీద లేదు. పటంలో లేనిదానికి పరిష్కారం అడిగే హక్కు కూడా ఉండదు. కులం మీద కళ్ళు మూసుకుంటే కులం పోతుందనే ఉదారవాదుల పాత వాదం ఇక్కడ రంగు వేసుకొని వచ్చిందంతే.

ఇక ముసాయిదా ప్రకటించి అభ్యంతరాలుంటే గడువులోగా తెలపమంటారు. సర్వే నంబర్ల భాషలో ఉండే ఆ ప్రకటన ఎవరికి అర్థమవుతుంది? భూమి ఉన్నవాడికి. తన సర్వే నంబరు మీదుగా రోడ్డు పోతే వెంటనే వకీలును పట్టుకుంటాడు. సర్వే నంబరే లేనివాడు దేని మీద అభ్యంతరం చెప్పాలి? నష్టపోవడానికి ఆస్తి ఉంటేనే అభ్యంతరం చెప్పడానికి నోరు ఉన్నట్టు లెక్క. ప్రజాస్వామ్యం పేరుతో నడిచే ఈ తంతులో భూమిలేని కులాలు మొదటే బయట ఉండిపోతున్నాయి.

ఆకుపచ్చ రంగు వెనక మనుషులు

నూజివీడు వైపు చూద్దాం. 2011 జనాభా లెక్కల నాటికి 58 వేల పైచిలుకు జనం ఉన్న మున్సిపాలిటీ. చుట్టూ ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, విస్సన్నపేట, రెడ్డిగూడెం మండలాల మెట్ట నేలలు, మామిడి తోటలు. చిన్నరసం, పెద్దరసం, బంగినపల్లి, కలెక్టరు కాయ ఇక్కడినుంచి నున్న మార్కెట్‌కీ, అక్కడినుంచి ఉత్తరాదికీ పోతాయి. 2022లో జిల్లాలను విడగొట్టినప్పుడు కృష్ణా జిల్లాలోని నూజివీడును ఏలూరు జిల్లాలో కలిపారు. ఊరి పేరు పెట్టుకున్న రైల్వే స్టేషన్ మాత్రం ఊళ్ళో లేదు, హనుమాన్ జంక్షన్ దగ్గరుంది.

ప్లానర్ కంటికి తోట అంటే ఆకుపచ్చ. కానీ తోట ఒక పని స్థలం. పూత మీదో పిందె మీదో వ్యాపారి తోట కొంటాడు. అప్పటినుంచి కాయ దిగేదాకా కాపలా ఉండాలి. మందు కొట్టాలి, చిక్కం కట్టిన గెడతో కాయ కోయాలి, ఏరాలి, గ్రేడు చెయ్యాలి, గడ్డి పరిచి సర్దాలి, లారీకెత్తాలి. ఈ పనుల్లో ఎక్కువ పాలు భూమిలేని మాల, మాదిగ, ఎరుకల, యానాది, వెనకబడిన కులాల కుటుంబాలదే. కాపలా కుటుంబానికి సీజను అంతా తోటే ఇల్లు. తాటాకు పాకే చిరునామా. ఆ చిరునామా ఏ ఓటరు జాబితాలోనూ, ఏ ప్లానులోనూ ఎక్కదు. మనిషి నివసిస్తున్నా పటంలో అది 'వ్యవసాయ జోన్'. అక్కడ ఇల్లు కడితే అక్రమ కట్టడం.

2014లో రాష్ట్రం విడిపోయాక రాజధాని నూజివీడు దగ్గరే వస్తుందని విపరీతంగా ప్రచారం జరిగింది. భూముల ధరలు ఎగిశాయి. ఎక్కడెక్కడి డబ్బో తోటల్లోకి వచ్చింది. 2014 సెప్టెంబరు 4న విజయవాడ పరిసరాల్లో రాజధాని అని అసెంబ్లీలో ప్రకటించారు, చివరికి అది తుళ్ళూరు వైపు పోయింది. ఎవరు లాభపడ్డారు, ఎవరు మునిగారు అని పార్టీలు ఇప్పటికీ తిట్టుకుంటూనే ఉన్నాయి. ఆ తిట్లలో ఎక్కడా కూలివాడి మాట లేదు. తోట నరికి ప్లాట్లు వేస్తే యజమానికి ధర వస్తుంది, దళారికి కమిషన్ వస్తుంది. కాపలావాడికి పోయిన సీజను తిరిగి రాదు. భూమి వినియోగ మార్పిడి అని ఫైల్లో రాసుకునే రెండు మాటలకు వాడలో అర్థం పని పోవడం. ఈ నష్టాన్ని లెక్కగట్టే గడి ఏ దరఖాస్తులోనూ ఉండదు.

సెంటు, గజం, ఎకరం

ఇళ్ళ దగ్గరికొస్తే లెక్క ఇంకా స్పష్టంగా కనపడుతుంది. 2020 డిసెంబరు 25న అప్పటి ప్రభుత్వం 30 లక్షల ఇళ్ళ స్థలాల పథకం మొదలుపెట్టింది. పట్టణాల్లో ఒక సెంటు, పల్లెల్లో సెంటున్నర. సెంటు అంటే 48.4 చదరపు గజాలు. 2025 జనవరిలో తర్వాతి ప్రభుత్వం పట్టణాల్లో 2 సెంట్లు, పల్లెల్లో 3 సెంట్లు అన్నది. 2024 ఎన్నికల్లో నూజివీడు నుంచి గెలిచిన కొలుసు పార్థసారథే గృహనిర్మాణ శాఖ మంత్రి అయ్యారు. అంటే ఈ ప్రశ్నలు అడగడానికి నూజివీడు కంటే తగిన ఊరు లేదు.

సెంటా మూడు సెంట్లా అన్నదాని మీదే చర్చంతా నడిచింది. చిన్నది పెద్దదవడం మంచిదే, కాదనే పని లేదు. కానీ ఆ సెంటు ఎక్కడుంది అనే ప్రశ్న వెనకబడింది. ఊళ్ళో భూమి ఖరీదు గనుక ఊరికి దూరంగా, పల్లంలోనో గుట్ట పక్కనో చౌకగా దొరికిన చోట లేఅవుటు వేస్తారు. అక్కడినుంచి కూలికి పోవాలంటే ఆటో ఖర్చు. సీజనులో తెల్లారకముందే తోటలో ఉండాల్సిన మనిషికి ఆ దూరం సగం కూలి. బడి రాదు, రేషను షాపు రాదు, బస్సు రాదు. ఒకప్పుడు పొలిమేర అవతలికి నెట్టింది ధర్మశాస్త్రం. ఇప్పుడు అదే చోటికి మార్కెట్ ధర నెడుతోంది, ప్రభుత్వం పట్టా ఇచ్చి మరీ దింపుతోంది.

అమరావతి లెక్క పక్కన పెట్టి చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. 2015 నుంచి 29 గ్రామాల్లో 34 వేల ఎకరాలకు పైగా భూసమీకరణ చేశారు. మొదటి ప్యాకేజీలో పట్టా భూమి ఎకరాకు 1,000 గజాల నివాస స్థలం అన్నారు. అసైన్డ్ భూమి ఎకరాకు 800 గజాలన్నారు. అసైన్డ్ రైతులంటే ఎక్కువమంది దళితులే అని అందరికీ తెలుసు. అదే మట్టి, అదే పంట, అదే ఎకరం. తేడా కాగితంలో ఉంది, కాగితం వెనక కులం ఉంది. భూమిలేని కుటుంబానికి నెలకు 2,500 రూపాయల పింఛను అన్నారు. తొమ్మిది నగరాల అమరావతిలో ప్రభుత్వ నగరం, న్యాయ నగరం, ఆర్థిక నగరం, క్రీడా నగరం, మీడియా నగరం ఉన్నాయి. ఆ తొమ్మిదీ కట్టే కూలివాడు రాత్రికి ఎక్కడ పడుకోవాలో చెప్పే పదో నగరం లేదు.

2023లో వేరే ప్రభుత్వం అదే అమరావతిలో ఆర్-5 జోన్ అని పెట్టి 50 వేల పైచిలుకు పేద కుటుంబాలకు స్థలాల పట్టాలు పంచింది. ఆ ఏడాది ఆగస్టులో హైకోర్టు నిర్మాణాలను ఆపేసింది. పేదలు వస్తే జనాభా సమతుల్యం దెబ్బతింటుందన్న మాట ఆ వివాదంలో వినపడింది. మాస్టర్ ప్లాన్ మనసులో మాట ఏదైనా ఉంటే అదే. అయితే సెంటు పట్టా పంచినవాళ్ళ చిత్తశుద్ధి కూడా మనం నమ్మాల్సిన పని లేదు. ఒకరు పేదలు లేని నగరం గీస్తే, ఇంకొకరు ఆ నగరాన్ని దెబ్బకొట్టడానికి పేదల్ని వాడుకున్నారు. రెండు వైపులా పేదలు గీతలుగానే మిగిలారు.

సంస్థలు: గేటు లోపలా బయటా

నూజివీడులో ధర్మ అప్పారావు కాలేజీ ఉంది. ఎం.ఆర్. అప్పారావు పేరున పి.జి. సెంటరు ఉంది. ఇవి జమీందారీ కుటుంబం పేర్లు. 1948 చట్టంతో జమీందారీలు రద్దయ్యాయి గానీ, ఎస్టేటు భూమిగా పోయింది విద్యాసంస్థ పేరుగా తిరిగొచ్చింది. ఆ కాలేజీల్లో మన పిల్లలు చదువుకున్నారు, ఉద్యోగాలూ తెచ్చుకున్నారు. దాన్ని తక్కువ చెయ్యనక్కర్లేదు. కానీ దానం చేసినవాడి పేరు గేటు మీద ఉంటుంది. ఆ దానం వెనక రైతు కట్టిన శిస్తూ, పాలేరు చేసిన చాకిరీ ఎవరి పేరునా ఉండవు.

2008లో ఇడుపులపాయ, బాసరలతో పాటు నూజివీడులోనూ ట్రిపుల్ ఐటీ పెట్టారు. పదో తరగతి తర్వాత నేరుగా ఆరేళ్ళ చదువు. ప్రభుత్వ బళ్ళలో చదివిన పిల్లలకు గ్రేడు పాయింట్లకు 0.4 కలిపే పద్ధతి తెచ్చారు. ఈ 0.4 చిన్న అంకె కాదు. సంస్థ ఎక్కడ కట్టాలి అన్నదాంతో ఆగకుండా, అందులోకి ఎవరు రావాలి అని ముందే ఆలోచించిన ప్లాను అది. వెనకబాటు అనేది మెరిట్‌లో లెక్కకు రావాల్సిన విషయమని ఒక ప్రభుత్వ సంస్థ కాగితం మీద ఒప్పుకుంది. దళితవాడల నుంచి, తండాల నుంచి పిల్లలు ఆ గేటు దాటి ఇంజనీర్లయ్యారు.

ఈ సూత్రం గేటు లోపలే ఎందుకు ఆగిపోవాలి? అంత పెద్ద సంస్థ వచ్చినప్పుడు దాని చుట్టూ నేల ధర పెరుగుతుంది, హోటళ్ళు, జిరాక్సు షాపులు, అద్దె ఇళ్ళు లేస్తాయి. ఆ లాభం ఎవరిది? రోడ్డు పక్క భూమి ఎవరికుందో వాళ్ళది. వంట, ఊడ్పు, కాపలా, తోటపని వాడది. సంస్థలోకి ప్రవేశానికి 0.4 ఉన్నట్టు, సంస్థ తెచ్చే భూమి విలువలో వాడకు 0.4 ఎందుకు లేదు? దుకాణాల స్థలాల్లో, మార్కెట్ యార్డు షెడ్లలో, బస్టాండు గదుల్లో వాడకు వాటా గీసి ఉంచే పని మాస్టర్ ప్లానే చెయ్యగలదు. మరొకటి చెయ్యలేదు.

నిధికి ఉప ప్రణాళిక ఉంది, నేలకు లేదు. 1979లో కేంద్రం ప్రత్యేక అంగ ప్రణాళిక తెచ్చింది. ఎంతో పోరాటం తర్వాత 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీ, ఎస్టీ ఉప ప్రణాళిక చట్టం అమల్లోకి వచ్చింది. జనాభా నిష్పత్తిలో బడ్జెట్టు ఖర్చు పెట్టాలన్నది దాని సారం. దాన్ని ఎట్లా దారి మళ్ళిస్తున్నారో వేరే వ్యాసం రాయాలి. ఇక్కడ చెప్పేదేమిటంటే, అదే నిష్పత్తి సూత్రం మాస్టర్ ప్లాన్‌లోని నేలకు ఎందుకు వర్తించదు? పార్కుకు ఇన్ని శాతం, రోడ్లకు ఇన్ని శాతం అని రాసుకునేవాళ్ళకు శాతం లెక్క కొత్త కాదు గదా.

సంస్కృతి అంటే ఎవరి వీణ, ఎవరి డప్పు

1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ మున్సిపాలిటీలకు 18 అంశాలు అప్పజెప్పింది. అందులో మొదటిది పట్టణ ప్రణాళిక. 13వది సంస్కృతి, విద్య, సౌందర్య అంశాల పెంపు. దాని వెంటనే 14వది శ్మశానాలు. ఈ రెండూ పక్కపక్కనే ఉండటం యాదృచ్ఛికమే కావచ్చు గానీ వాడ కంటికి అది సహజంగా కనపడుతుంది. మన సంస్కృతిలో సగం చావు దగ్గర ఉంది. డప్పు అక్కడ మోగుతుంది, పాట అక్కడ పుడుతుంది, కులం కట్టుబాటు అక్కడే గట్టిగా అడ్డు నిలుస్తుంది. శవాన్ని తీసుకుపోవడానికి దారి లేని వాడలు, శ్మశానం కబ్జా అయిన వాడలు మన జిల్లాల్లో ఎన్ని లేవు? ప్లానులో 13వ అంశం కింద ఆడిటోరియం గీస్తారు. 14వ అంశం గీయడం మర్చిపోతారు.

నూజివీడు వీణకు పేరుంది. మీర్జాపురం రాజా మద్రాసులో శోభనాచల స్టూడియో పెట్టారు, 1949లో 'కీలుగుఱ్ఱం' తీశారు. ఆ స్టూడియో పేరు ఆగిరిపల్లి కొండ మీది దేవుడి పేరు. ఆయన భార్య కృష్ణవేణి అదే ఏడాది 'మన దేశం' తీశారు, ఎన్.టి. రామారావు తెరమీదికి వచ్చింది దాంతోనే. తెలుగు సినిమా చరిత్ర ఇదంతా గర్వంగా చెప్తుంది. చెప్పొచ్చు. కానీ ఈ మెట్ట నేల మిగులు మద్రాసుకు పోయి స్టూడియో అయిన తీరు చూస్తే, 'సాంస్కృతిక అభివృద్ధి' గాలిలోంచి రాదని, శిస్తులోంచీ చాకిరీలోంచీ వస్తుందని తెలుస్తుంది. మిగులు ఎవరి చేతిలో ఉంటే సంస్కృతి వాళ్ళ పేరున నిలుస్తుంది. డప్పు కొట్టినవాడికి స్టూడియో ఎందుకు లేదంటే, డప్పుకు ఎస్టేటు లేదు.

విగ్రహాల సంగతీ చెప్పుకోవాలి. 2017 ఏప్రిల్ 14న అమరావతిలో అంబేడ్కర్ స్మృతివనానికి శంకుస్థాపన చేశారు, అది పునాదుల్లోనే ఉండగా ప్రభుత్వం మారింది. 2024 జనవరి 19న విజయవాడ స్వరాజ్ మైదానంలో 81 అడుగుల పీఠం మీద 125 అడుగుల విగ్రహం ఆవిష్కరించారు. నగరం నడిబొడ్డున బాబాసాహెబ్ నిలబడటం చిన్న విషయం కాదు. నడిబొడ్డు ఎవరిదో అది మార్చి చెప్పింది. కానీ 2022 మే 24న కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు వద్దని అమలాపురంలో మంత్రి ఇల్లూ ఎమ్మెల్యే ఇల్లూ తగలబెట్టారని గుర్తుంచుకోవాలి. విగ్రహాన్ని ఓర్చుకున్న సమాజం చిరునామాలో ఆయన పేరు రాసుకోవడం ఓర్చుకోలేకపోయింది. విగ్రహం చుట్టూ కంచె కట్టొచ్చు. చిరునామా మాత్రం ప్రతి కవరు మీదా, ప్రతి ఆధార్ కార్డు మీదా ఇంటికే వస్తుంది. అందుకే అంత మంట.

వేరు వాడా, వేరు అధికారమా

మన మిత్రుల్లో కొందరు ఒక మాట అంటారు: 'అంబేడ్కరే వేరు ఊళ్ళు కావాలన్నాడు కదా, కాలనీ దూరంగా ఉంటే తప్పేంటి?' దీనికి జాగ్రత్తగా జవాబు చెప్పాలి. 1942లో నాగపూర్ మహాసభ వేరు గ్రామాలు కోరింది నిజమే. 1947లో రాజ్యాంగ సభ ముందు పెట్టిన పత్రంలోనూ అంబేడ్కర్ ఆ కోరిక పెట్టాడు. కానీ ఆయన అడిగింది సాగుభూమితో కూడిన వేరు నివాసం. ఊరి మీద ఆధారపడకుండా బతికే ఆర్థిక పునాదితో, ప్రభుత్వ ఖర్చుతో. ఇప్పుడిస్తున్నది వేరు మాత్రమే, భూమి లేదు. పగలంతా ఊళ్ళో కూలి, రాత్రి దూరంగా పడక. అది అంబేడ్కర్ వేరు నివాసం కాదు, పాత వెలివాడకు సిమెంటు రూపం.

కారంచేడు చూడండి. 1985 జులై 17 తర్వాత దళితులు ఊరు వదిలి చీరాలకు వచ్చారు, పట్టణంలో కాలనీ కట్టుకొని నిలబడ్డారు. చుండూరులో 1991 ఆగస్టు 6న చంపబడినవాళ్ళను ఊరి మధ్యే పూడ్చి దాన్ని రక్తక్షేత్రం అన్నారు. ఒకచోట ఊరు వదలడం, ఇంకోచోట ఊరి నడుమ నేలను పట్టుకోవడం. రెండూ ప్రజలు గీసుకున్న ప్లాన్లే. ఎక్కడుండాలో తామే నిర్ణయించుకున్న రెండు సందర్భాలవి. మన దృష్టిలో దళిత పట్టణ ప్రణాళిక చరిత్ర అక్కడ మొదలవుతుంది.

జపాన్ అనుభవం ఇక్కడ పనికొస్తుంది. అక్కడి బురాకు ప్రజలు కూడా చావు, చర్మం పనుల పేరుతో వెలి వేయబడ్డవాళ్ళే. 1969లో ప్రత్యేక చట్టం తెచ్చి 2002 దాకా బురాకు పేటల్లోనే పక్కా ఇళ్ళు, రోడ్లు, సామాజిక భవనాలు కట్టారు. పేటలు బాగుపడ్డాయి. కానీ 1975లో ఏం బయటపడింది? బురాకు పేటల చిరునామాల జాబితాను రహస్యంగా అచ్చువేసి కంపెనీలకు అమ్ముతున్నారు, ఉద్యోగానికొచ్చినవాడి పుట్టుక కనిపెట్టడానికి. ఇల్లు మారినా చిరునామా పట్టించింది. అంటే ఇటుకలు ఒక్కటే చాలవు. ఉన్నచోటనే బాగుచేయడమూ కావాలి, ఊరి నడుమ కలిసి ఉండే హక్కూ కావాలి, ఏది కావాలో ఎంచుకునే అధికారం వాడ చేతిలో ఉండాలి.

ఏం అడగాలి

నూజివీడుకీ, దాని చుట్టుపక్కల పెరుగుతున్న ప్రతి ఊరికీ కొన్ని కనీస డిమాండ్లు పెట్టుకోవచ్చు. మాస్టర్ ప్లాన్ ముసాయిదాలో వాడలన్నీ వాటి పేర్లతో, శ్మశానాలు వాటికి పోయే దారులతో సహా గుర్తించాలి. ముసాయిదాను వార్డుల్లో, వాడల్లో తెలుగులో చదివి వినిపించి, భూమిలేనివాళ్ళ అభ్యంతరాలను కూడా అభ్యంతరాలుగా నమోదు చెయ్యాలి. ఇళ్ళ స్థలం పనిచోటుకూ బడికీ నడక దూరంలో ఉండాలి, లేకపోతే దాన్ని ఇళ్ళ స్థలంగా లెక్కించకూడదు. తోట ప్లాటుగా మారితే అందులో పనిచేసే కుటుంబాలకు ఆ లేఅవుటులోనే స్థలం ఇవ్వాలి. సంస్థల చుట్టూ వచ్చే వ్యాపార స్థలాల్లో జనాభా నిష్పత్తిలో వాటా ఉండాలి. నేలకు కూడా ఉప ప్రణాళిక కావాలి.

నూజివీడు జనరల్ సీటు. పక్కనే తిరువూరు, చింతలపూడి రిజర్వుడు సీట్లు. ఎమ్మెల్యే ఎవరైనా ఈ మూడింటి ప్లాన్లలోనూ వాడ స్థానం ఒకటేనైతే, రాజకీయ ప్రాతినిధ్యం పటం దాకా రాలేదని అర్థం. ఓటు మనదైంది. సర్వే గొలుసు ఇంకా వాళ్ళ చేతుల్లోనే ఉంది. దాన్ని పట్టుకోవడం నేర్చుకోవడానికి మనకు ఇంజనీర్లున్నారు, న్యాయవాదులున్నారు, నూజివీడు ట్రిపుల్ ఐటీ గేటు దాటి వచ్చిన పిల్లలున్నారు. మన వాడల పటాలు మనమే గీసి, వచ్చే ముసాయిదా ముందు పెట్టాలి. ఆ పని ఏ ఊళ్ళో ఎవరు మొదలుపెట్టినా ఆ పటాల మీద ఈ పేజీల్లో చర్చ జరగాలి.